కుంగుడు చెరువు పునరుద్ధరణ

ఎర్రబోడు గనిలో బొగ్గు అయిపోయింది. లోపలి మనుషులు పైకి వచ్చారు, యంత్రాలు పైకి వచ్చాయి, ఆఖరికి నీళ్ళు తోడే మోటార్లు కూడా పైకి వచ్చాయి. ఇక గని నోటికి గోడ కట్టేసి, ఒక కొబ్బరికాయ కొట్టి, ఎవరి దారిన వాళ్ళు పోవడమే మిగిలిందని అందరూ అనుకున్నారు. అనుకున్నవాళ్ళలో ఒక్కడికీ కంపెనీ సంగతి తెలియదు. గని తెరవడానికి కావలసిన అనుమతుల కంటే మూయడానికి కావలసినవే ఎక్కువ. గోడ కట్టినంత మాత్రాన గని మూసినట్టు కాదు. మూసినట్టు ధ్రువపత్రం వస్తేనే మూసినట్టు.

ఆ గని నెత్తిన ఒక చెరువు ఉంది. దాన్ని ఏ రాజూ తవ్వించలేదు, ఏ మంత్రీ తవ్వించలేదు. అందుకే గట్టు మీద ఎవరి పేరుతోనూ రాయి లేదు. కింద బొగ్గు తీసేకొద్దీ పైన నేల మెల్లగా కుంగింది, కుంగిన చోట వాన నీళ్ళు నిలిచాయి. జనం దాన్ని కుంగుడు చెరువు అన్నారు. నీళ్ళు నిలిచాక గట్టున కానుగలు, మద్దులు లేచాయి. కొంగలూ నీటికోళ్ళూ ఎవరినీ అడగకుండానే వచ్చి కాపురం పెట్టాయి. చేపలు మాత్రం వాటంతట అవి రాలేదు. పిట్టల ఓదెలు తెచ్చి పోశాడు.

చెరువు రాకముందు ఓదెలును ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, పిలిచే పని ఉండేది కాదు. చెరువు వచ్చాక ఓదెలన్న అయ్యాడు. ఆదివారం పొద్దున గని కాలనీ అంతా సంచులు పట్టుకుని గట్టు మీదే ఉంటుంది. లచ్చవ్వను అతనికిచ్చి పెళ్ళి చేసిన మామ కూడా పిల్లవాడిని పెద్దగా చూడలేదు. వలలో ఎగురుతున్న కొర్రమట్టలను చూసి, ఇక మాట్లాడేదేముంది అన్నాడు. ఓదెలుకు ఆ చెరువంటే ప్రాణం. ఆ మాట లచ్చవ్వ ముందు అనడు గానీ, ఆమెకూ తెలుసు.

అట్లాంటి గట్టు మీదికి ఒక పొద్దున జీపు వచ్చి ఆగింది. అందులోంచి పర్యావరణ పునరుద్ధరణ విభాగాధిపతి మార్తాండరావు దిగాడు. వెనకాలే ఆయన సహాయకుడు ప్రహ్లాద్ దిగాడు. మార్తాండరావు చెరువును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎంత విధ్వంసం!" అన్నాడు.

ఓదెలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. ఏమీ కూలినట్టు కనిపించలేదు.

"ఏమైంది సారూ?"

"ఏమైందంటావేమిటయ్యా! ఇన్ని నీళ్ళు, ఇంత పచ్చదనం, ఆ కొంగలు... పర్యావరణానికి ఇంతటి హాని నా సర్వీసులో నేను చూడలేదు. ప్రహ్లాద్, మూలస్థితి చదవండి."

ప్రహ్లాద్ ఫైలు తీసి, గొంతు సవరించుకుని చదివాడు. గని తెరవకముందు కంపెనీ వాళ్ళు వచ్చి రాసుకుపోయిన సర్వే అది.

"ప్రస్తుత క్షేత్రము నిర్జలము, నిస్సారము. వృక్ష సంపద: ఎండిన మోదుగ మోడు ఒకటి. జంతు సంపద: తొండలు, తగినన్ని. పక్షి సంపద: లేదు."

"విన్నావు కదా," అన్నాడు మార్తాండరావు ఓదెలుతో. "గని తవ్వినవాళ్ళు భూమి మొదట ఎలా ఉండేదో అలాగే చేసి అప్పగించాలి. అది చట్టం. దీన్ని నిర్జలము, నిస్సారము చేసి అప్పగించే దాకా కంపెనీకి నిద్ర లేదు."

చట్టం రాసినాయన మంచివాడే. పచ్చని నేలను పాడుచేసి పోతారేమోనని భయపడ్డాడు గానీ, పాడునేల పచ్చబడితే ఏం చేయాలో పాపం ఆయనకు తట్టలేదు.

"ఇప్పుడే మంచిగున్నది గద సారూ," అన్నాడు ఓదెలు.

"మంచి, చెడు మా పరిధిలోకి రావయ్యా. మార్పు వచ్చిందా లేదా, అంతవరకే మా పరిధి."

మర్నాటి నుంచే పని మొదలైంది. ముందు పక్షులు. "విహంగ నిష్క్రమణ పథకం" కింద గట్టు పొడవునా డప్పుల వాళ్ళను నిలబెట్టారు. దెబ్బ పడగానే కొంగలన్నీ లేచాయి, గాలిలో ఒక చుట్టు తిరిగాయి, చప్పుడే తప్ప ఏమీ లేదని తెలిసి మళ్ళీ దిగాయి. డప్పుల చప్పుడుకు కాలనీ జనం మాత్రం వచ్చి చిందేశారు. మూడో నాటికి గట్టు మీద బజ్జీల బండి కూడా వెలిసింది. పథకానికి ప్రజల నుంచి విశేష స్పందన లభించిందని మార్తాండరావు పైకి రాశాడు.

తర్వాత తొండలు. తగినన్ని తొండల సరఫరాకు టెండరు పిలిచారు. తక్కువ ధరకు పాడుకున్న గుత్తేదారు గోనెసంచుల్లో తెచ్చి దింపాడు. నాణ్యతా విభాగం వాళ్ళు వచ్చి మూతి విప్పి చూస్తే సగం బల్లులే. వాటిని వెనక్కి పంపి, అసలైన తొండలను రాళ్ళ మీద విడిచారు. అవి అట్లా తల ఆడించాయో లేదో కొంగలు వచ్చి విందు చేసుకున్నాయి. ఆ యేడు కొంగలు అంత నిగనిగలాడటం ఓదెలు ఎన్నడూ చూడలేదు.

అన్నిటికంటే ఘనంగా జరిగింది మాత్రం ఎండుమోడు నాటే మహోత్సవం. అడవంతా గాలించి, సర్వేలో రాసిన కొలతలకు సరిపడే మోదుగ మోడును వేళ్ళతో సహా పెకిలించి లారీలో తెచ్చారు. పెద్ద డైరెక్టరు గారే వచ్చారు. షామియానా, సన్నాయి, శాలువాలు అన్నీ ఉన్నాయి. "భావితరాలకు మనం ఎలాంటి భూమిని అందుకున్నామో అలాంటి బీడునే అందించాలి" అని ఆయన ఉపన్యసిస్తుంటే మార్తాండరావు కళ్ళు ఒత్తుకున్నాడు. ఆఖరున డైరెక్టరు గారు మోడును గుంతలో నిలబెట్టి మట్టి పోశారు. పక్కన ఎప్పటిలాగే అమ్మాయిలు ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడ్డారు. సర్వీసంతా మొక్కలు నాటిన చెయ్యి ఊరుకుంటుందా? చెంబు అందుకుని నీళ్ళు పోసేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నెల తిరగకముందే మోడు చిగురించింది.

మార్తాండరావు హుటాహుటిన వచ్చి లేత ఆకులను చూసి తల పట్టుకున్నాడు. పెద్దాయన పోసిన నీళ్ళను తప్పు పట్టడం కుదరదు కాబట్టి తోటమాలికి సంజాయిషీ నోటీసు వెళ్ళింది. "మీ పర్యవేక్షణలో ఉంచబడిన మొక్క మీ తీవ్ర నిర్లక్ష్యం కారణంగా బతికినట్లు తేలినది. మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపగలరు." అతను ఆ కాగితం తెచ్చి ఓదెలు చేత చదివించుకుని, ఇకమీదట తన చేతిలో ఏ మొక్కా బతకకుండా చూసుకుంటానని అతని చేతే రాయించి ఇచ్చాడు.

ఇదంతా ఓదెలుకు మొదట్లో వినోదంగానే ఉండింది. వాళ్ళు తొండలు విడిచినా, మోళ్ళు నాటినా చెరువు చెరువులాగే ఉంది కదా అని ధైర్యం. ఒక మధ్యాహ్నం వాళ్ళకు చేపలు వేయించి పెట్టాడు కూడా. ఆ చేపలు తింటూనే ప్రహ్లాద్ ఫైలులో పేజీ తిప్పాడు.

"సార్, ఇంకొక అంశం మిగిలింది. మానవ ఆవాసం: ఒక పురుషుడు. యువకుడు. బండ మీద నిద్రించుచున్నాడు. వృత్తి లేదు. వివాహము కాలేదు. పేరు అడుగగా కసిరెను."

ఓదెలు పకపకా నవ్వాడు. "గది నేనే సారూ! మంచి నిద్రల లేపిండ్రని తిట్టిన. పని లేకపోయె, బండమీదనే పంటుంటి."

అనకుండా ఉంటే బాగుండేదని ఆ క్షణంలోనే అర్థమైంది. మార్తాండరావు చేపముల్లు పక్కన పెట్టి లేచాడు. కంపెనీ చరిత్రలో ఏ గనిలోనూ జరగనిది తన హయాంలో జరిగినందుకు ఆయన ముఖం వెలిగిపోయింది.

"మూలస్థితి అంశం సజీవంగా లభ్యమైంది ప్రహ్లాద్! అసలైనది! నకిలీ అవసరం లేదు!" అని ఓదెలు రెండు చేతులూ పట్టుకున్నాడు. "నిన్ను యథాపూర్వ స్థితికి తెచ్చే బాధ్యత ఇక కంపెనీది."

"అంటే ఏంజేస్తరు సారూ?"

"వృత్తి ఉండకూడదు. వివాహం ఉండకూడదు. బండ మీద నిద్రించాలి."

"జీతమేమన్న ఇస్తరా?"

"జీతమిస్తే అది వృత్తి అవుతుంది కదయ్యా, ఎలా ఇస్తాం?"

"మరి నా వయసో? అప్పటి పోరణ్ణి గాదు గద."

"వయసు విషయంలో సడలింపు కోరుతూ పైకి రాస్తాం. కంపెనీ అంత కఠినమైనది కాదు."

పక్కనే కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తున్న లచ్చవ్వ చెయ్యి ఆగింది.

"సారూ, పెండ్లి గాలేదంటుండ్రు. మరి నేనెవరిని?"

మార్తాండరావు ఎంతో మర్యాదగా చేతులు జోడించాడు. "మీరు గని అనంతర పరిణామం అమ్మా. మిమ్మల్ని సకల గౌరవాలతో తొలగించి, మీరు వచ్చిన చోటికి చేరవేస్తాం. రవాణా ఖర్చు కంపెనీదే."

"నేను పరిణామమా?" అంటూ లచ్చవ్వ లేచింది. "ఇద్దరు పిల్లల్ని కని పెంచితిని, ఈ గట్టుమీద ఎండకు ఎండితిని, వానకు తడిస్తిని. నేను పరిణామమైతె నువ్వేందివిరా?" చేపలు కడిగిన నీళ్ళ గిన్నె చేతికి దగ్గరగానే ఉంది. గిన్నె కింద పడకముందే ఆ నీళ్ళు మార్తాండరావు నెత్తిన పడ్డాయి.

జీపు వెళ్ళిపోతుంటే ఆయన కళ్ళద్దాల మీద చేప పొలుసులు తళతళలాడాయి. స్థానిక మహిళ చురుకుగా పాల్గొనగా ప్రజాభిప్రాయ సేకరణ పూర్తయిందని ఆ సాయంత్రమే నివేదిక వెళ్ళింది. మనుషుల విషయం మాత్రం ఆఖరుకు వాయిదా వేసి, ముందు నీళ్ళ సంగతి చూడాలని ఆయన నిర్ణయించాడు.

నవ్వులాట అక్కడితో అయిపోయింది. గట్టు మీద వరసగా మోటార్లు పెట్టారు. లావుపాటి పైపులు వాగు దాకా పరిచారు. చెరువు తగ్గడం మొదలుపెట్టింది. మొదట గట్టు వెంబడి రాళ్ళు తేలాయి, తర్వాత బురద తేలింది. బురదలో చేపలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఓదెలు మోకాలిలోతు బురదలో దిగి, దొరికినదాన్ని దొరికినట్టు పట్టి, మధ్యలో మిగిలిన మడుగులోకి విసురుతూ తిరిగాడు. అమ్ముకోవడానికి పట్టిన చేప వేరు, బతికించడానికి పట్టే చేప వేరు. వాడికి ఏడుపు ఆగలేదు. గట్టు మీద నుంచి లచ్చవ్వ రమ్మని పిలుస్తూనే ఉంది, వాడు వినలేదు.

చెరువు దాదాపు ఎండిందనుకున్న రోజు మోటార్లకు విరామం ఇచ్చారు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే నీళ్ళు మళ్ళీ మోకాళ్ళ దాకా ఉన్నాయి. మళ్ళీ తోడారు, మళ్ళీ వచ్చాయి. ఎన్నిసార్లు తోడినా అంతే. మార్తాండరావు గట్టు మీద అటూ ఇటూ తిరిగి ప్రహ్లాద్ మీద విరుచుకుపడ్డాడు.

"ఎక్కడి నుంచి వస్తున్నాయయ్యా ఇవి? వాన కూడా లేదే!"

"గనిలోంచి సార్. గని నడిచినన్నాళ్ళూ లోపలి నీళ్ళను మన మోటార్లు తోడేవి. వాటిని పైకి తెచ్చేశాం కదా, గని నిండిపోయి నీళ్ళు పైకి వస్తున్నాయి."

"అయితే ఆ మోటార్లను మళ్ళీ లోపల పెట్టండి."

"గని మూసేశాం సార్."

"ఎక్కడ మూశాం? ధ్రువపత్రం రాలేదుగా."

"అది రావాలంటే చెరువు ఎండాలి సార్."

"చెరువు ఎండాలంటే?"

"మోటార్లు నడవాలి."

"మోటార్లు నడవాలంటే?"

"గని నడవాలి సార్."

మార్తాండరావు ముఖంలోకి మెల్లగా వెలుగు వచ్చింది. పెద్ద ఉద్యోగం ఉన్నవాళ్ళకే వచ్చే వెలుగు అది.

"అంటే, ఈ గనిని శాస్త్రోక్తంగా మూయాలంటే తెరవడం ఒక్కటే మార్గం!"

పెద్దాఫీసులో దీన్ని ఎవరూ కాదనలేదు. బొగ్గు లేదు కదా అని ఒక చిన్న అధికారి సందేహం వెలిబుచ్చితే, బొగ్గు లేని గనిలో ప్రమాదాలు కూడా తక్కువేనని జవాబు వచ్చింది. "మూసివేత నిమిత్తం గని తెరచుట" అనే తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఈలోగా గట్టు మీది మోటార్లు ఆగి చెరువు మళ్ళీ నిండేసరికి, ఆ ఆర్డరు నకలు గట్టు మీద కానుగ చెట్టుకు అంటించి పోయారు.

లచ్చవ్వ దాన్ని ఓదెలు చేత రెండుసార్లు చదివించుకుంది. అర్థం కాక కాదు, నమ్మబుద్ధి కాక. గని మోటార్లు తిరిగితే ఈసారి చెరువు నిజంగానే పోతుంది. ఆమె లోపలికి వెళ్ళి బట్టలు మూట కట్టి తెచ్చి గట్టు మీద పెట్టింది.

"ఇగ ఏం జూసుకుంట ఉంటవ్? మా తమ్ముని ఊరికి పోదాం పా."

"నేను రాను."

"నీళ్ళు పోయినంక బురదను జూసుకుంట కూసుంటవా? ఆ బండమీద పంటవా మల్ల?"

"పంట. నేను రానంటే రాను. నువ్వు పోతె పో."

"నువ్వు పో అంటె పోతనా? నీ అసుంటి మొండోణ్ణి కట్టుకున్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలె!"

"నన్నే తిడుతున్నవ్ గద, మధ్యల నిన్నెందుకు తిట్టుకునుడు!"

ఇద్దరికీ ఏడుపు వస్తోంది, ఇద్దరూ దాన్ని కోపంలో దాచుకుంటున్నారు. ఆ అరుపుల్లో జీపు వచ్చి ఆగింది కూడా వినబడలేదు. ప్రహ్లాద్ కొత్త ఫైలు తెరిచి గట్టు మీద నిలబడి, ఎదురుగా కనిపించినదల్లా రాసుకుంటున్నాడు. మార్తాండరావు లచ్చవ్వకు అందనంత దూరంలో ఆగాడు. లచ్చవ్వ చూపు ప్రహ్లాద్ మీద పడింది.

"మల్లేం రాస్తున్నవ్ కొడుకా?"

"గని తెరవాలంటే ముందు ఇక్కడ ఇప్పుడు ఏమేం ఉన్నాయో సర్వే రాయాలమ్మా. నీళ్ళు, చెట్లు, కొంగలు, మనుషులు, ఉన్నది ఉన్నట్టు. రేపు గని మూసేటప్పుడు మళ్ళీ ఇలాగే..."

మాట సగంలో ఆగిపోయింది.

"ఇట్లనే? ఆగినవేంది? చెప్పు," అంది లచ్చవ్వ.

"ఇలాగే చేసి అప్పగించాలి," అన్నాడు ప్రహ్లాద్ చిన్న గొంతుతో, తన పై అధికారి వైపు చూస్తూ.

మార్తాండరావు లచ్చవ్వ భయం కూడా మరిచిపోయి దగ్గరికి వచ్చి గట్టు మీద కూలబడ్డాడు. చెరువును ఎండబెట్టడానికి తెరిచే గనిని, చెరువును నింపితే తప్ప మూయడానికి లేదు. మూయాలంటే తెరవాలి, తెరిస్తే నింపాలి, నింపితే మొదటి సర్వే ఊరుకోదు. ఆయన వేళ్ళు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. ఓదెలుకు జాలేసి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. నీళ్ళు కనబడగానే మార్తాండరావు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఇట్లాంటి చిక్కులను విప్పడానికే పెద్దాఫీసు ఉంది. కొత్త గని చివర చెరువు నిండుగా ఉండాలి. అది ఇప్పుడు నిండుగానే ఉంది. చివర చేయవలసిన పని ముందే పూర్తయినప్పుడు మధ్యలోని పని అనవసర వ్యయమని ఆర్థిక విభాగం తేల్చింది. కొత్త సర్వే రాసిన తర్వాత పాత సర్వేకు కాలం చెల్లినట్టేనని న్యాయ విభాగం తలూపింది. "ఎర్రబోడు గనిని ఉదయము తెరచినట్లును, మధ్యాహ్నము మూసినట్లును భావించడమైనది" అని ఆర్డరు వచ్చింది. పొద్దున ఒక కొబ్బరికాయ, మధ్యాహ్నం ఒక కొబ్బరికాయ కొట్టారు. మూసివేత ధ్రువపత్రం సాయంత్రానికల్లా చేతికి వచ్చింది. ఆదర్శ పునరుద్ధరణ చేసినందుకు మార్తాండరావుకు పదోన్నతి కూడా వచ్చింది. లచ్చవ్వ మూట విప్పి బట్టలు దండెం మీద ఆరేసింది. ఓదెలు కొత్త చేపపిల్లలకు బయలుదేరాడు.

పునరుద్ధరించిన భూమి సర్వేలో రాసినట్టే ఉందో లేదో ఏడాదికొకసారి చూసి రావాలి. మరుసటి ఏడు ఆ పని మీద ప్రహ్లాద్ వచ్చాడు. నీళ్ళు ఉన్నాయి, చెట్లు ఉన్నాయి, కొంగలు ఉన్నాయి. అన్నిటికీ గుర్తు పెట్టుకుంటూ వచ్చి, చెట్టు నీడన వల అల్లుకుంటూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్న మొగుడూ పెళ్ళాలను చూసి ఆగిపోయాడు.

"అన్నా, ఇట్ల కూర్చుంటే ఎట్లనే?" అన్నాడు కంగారుగా. పై అధికారి పక్కన లేకపోతే ప్రహ్లాద్ మాట కూడా ఊరి మాటే. "మానవ ఆవాసం: దంపతులు ఒక జంట. పరస్పరం దూషించుకొనుచున్నారు. కారణం: ఊరు విడుచుట. గిట్ల రాసి ఉన్నది. మీరు నవ్వుతుంటే అది మార్పు కిందికి వస్తది. మళ్ళీ మార్తాండరావు సార్ దిగుతడు. జర తిట్టుకోండ్రి."

"గంతేనా," అని ఓదెలు గొంతు పెంచి "ఏందే నీ లొల్లి!" అన్నాడు. అని, తనే నవ్వాడు.

"అమ్మా, మొదలు నువ్వనాలె. తమ్ముని ఊరికి పోదాం పా అని."

లచ్చవ్వ నోరు తెరిచింది. చెరువు వైపు చూసింది. నోరు మూసుకుంది.

"వేరే ఏదన్న చెప్పు కొడుకా, గంటసేపు తిడుత. ఆ మాట మాత్రం నాతోని గాదు."

"కారణం అదే రాసి ఉన్నదమ్మా."

"రాసి ఉంటె ఉండనీ. ఆ మాటంటె మల్ల నిజంగనే పోవుడు అయితది."

ప్రహ్లాద్ దిగులుగా కలం పట్టుకుని నిలబడ్డాడు. ఓదెలు వల పక్కన పెట్టాడు. లేచి, పైపంచె దులిపి భుజాన వేసుకున్నాడు.

"లెవ్వే. మూట గట్టు. మీ తమ్ముని ఊరికే పోదాం పా."

"ఏంది?" అంది లచ్చవ్వ.

"పోదాం అంటున్న. ఏమున్నది ఈడ?"

"ఏమున్నదా?" అంటూ ఆమె వల తన్నేసి లేచింది. "ఏమున్నది అంటవా? నోరెట్ల వచ్చిందయ్యా నీకు! నేను రాను! ఈ గట్టు మీదికెల్లి నన్ను ఎవడు కదిలిస్తడో సూస్త! నువ్వు పోతె పో, మీ కంపెనోళ్ళను గూడ తీస్కపో!"

ఆ అరుపుకు, డప్పులకు బెదరని కొంగలన్నీ ఒక్కసారిగా లేచి అవతలి గట్టుకు పోయాయి. ఓదెలు కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే పైపంచె అడ్డం పెట్టుకున్నాడు.

ప్రహ్లాద్ ఫైలు చూసుకున్నాడు. ఎవరు పోదామన్నారో, ఎవరు రానన్నారో అందులో రాసి లేదు. మార్పు ఏమీ లేదని సంతకం పెట్టి, లచ్చవ్వ చల్లబడే దాకా జీపులోనే కూర్చున్నాడు.